అన్నకు ఇంకో చెల్లెలు

మా అన్న పదేళ్ళుగా రాంగోపాల్‌పేట్‌లో మూతపడిన ఒక దుకాణం ముందు, ఫుట్‌పాత్ మీదే ఉంటున్నాడు. ప్రతి ఆదివారం మౌలాలిలో బస్సెక్కి అన్నం డబ్బా పట్టుకెళ్తాను. వెళ్ళిన ప్రతిసారీ పక్కన ఒకామె ఉంటుంది. ఆమెదీ అదే ఫుట్‌పాత్, అదే తాగుడు. మా అన్నను నాకంటే చనువుగా "అన్నా" అని పిలుస్తుంది. నాకు ఒళ్ళు మండుతుంది. తోడబుట్టినదాన్ని నేనుండగా మధ్యలో ఈవిడెవరు?

వాళ్ళకక్కడ ఒక పద్ధతి ఉంది. రాత్రిళ్ళు దొంగల భయం, తన్నుల భయం కాబట్టి నిద్ర పగలే, అదీ వంతులవారీగా. పడుకున్న మనిషి చెప్పుల్ని కాపలా మనిషి తన తొడ కింద పెట్టుకుని కూర్చోవాలి. లేచేదాకా కదలకూడదు, చుక్క ముట్టకూడదు. చేతులు వణికిపోతున్నా ఆమె ముట్టేది కాదు. నాకు అదే మరీ కడుపుమంట. తాగి తూలుతుంటే కనీసం తిట్టుకోవడానికైనా వీలుండేది.

ఈ మధ్య డాక్టరు గట్టిగా చెప్పాడు, ఇంకా తాగితే మనిషి దక్కడని. ఎలాగైనా ఇంటికి తెచ్చుకుని మాన్పించాలనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆమె దగ్గర్నుంచి లాక్కోవాలని కూడా ఉంది. బతిమాలి తీసుకొచ్చాను. ఉతికిన దుప్పటి పరిచి, ఫ్యాన్ వేసి, పిల్లల గోల వినపడకుండా తలుపు మూశాను. గంట తర్వాత టీ తీసుకెళ్తే మంచం ఖాళీ. వంటింట్లో ఉన్న నాకు అలికిడైనా వినపడలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆ చెప్పులు సంచిలో వేసుకుని మళ్ళీ బస్సెక్కాను. అన్న తన చోట హాయిగా నిద్రపోతున్నాడు. పక్కన ఆమె. చెప్పులు ఆమె ముందు విసిరికొట్టాను. తీసి, దుమ్ము దులిపి, తొడ కింద పెట్టుకుంది.

"ఏం మాయ చేసినవ్ మా అన్నకు?" అన్నాను.

"దర్వాజ ఏసినవా అక్కా?"

"ఏస్తే ఏమైతది?"

"గదే తప్పు. దర్వాజ ఏస్తె అన్న పండుకోడు. చిన్నగున్నప్పుడు నాయిన దర్వాజ ఏసి బెల్టుతోని కొట్టేటోడంట గద. నీకు ఎర్కనే ఉంటది."

ఎందుకు తెలియదు, ఆ ఇంట్లోనే కదా పెరిగాను. కానీ అన్న ఆ మాట నా దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదు. చెప్పుకోవడానికి ఈమె దొరికిందన్నమాట. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అడక్కుండా ఉండలేకపోయాను.

"నా గురించి ఏమన్న చెప్పిండా?"

"చెప్పకేంది! నాయిన కొట్టినంతసేపు మా చెల్లె దర్వాజ బయటనే కూసునేదంటడు. గామె ఉన్నదన్న ధైర్యంతోనే ఓర్చుకున్ననంటడు. నేను గిట్ల పక్కన కూసుంటె సుత, నువ్వే కూసున్నట్టు అనిపిస్తదంట."

నేను కూర్చోలేదు. తలుపు పడిన చప్పుడు వినగానే పక్కింటికి పరిగెత్తేదాన్ని. అక్కడ టీవీ సౌండ్ పెద్దగా పెట్టించుకుని, అంతా అయిపోయాక వచ్చేదాన్ని. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అన్న చెప్పిన ఆ చెల్లెలు ఎవరో నాకు తెలియదు. ఆ చెల్లెలి మీద పుట్టినంత అసూయ నాకు ఇంకెవరి మీదా పుట్టలేదు.

"గంత చిన్నపిల్లవు, ఒక్కదానివే ఎట్ల కూసున్నవక్కా? భయం కాలేదా?" అని అడిగింది ఆమె.

"కాలే" అన్నాను.