ఆరు వరుసలు, ఐదు అంకెలు

2022 వేసవి. రాజమండ్రి దానవాయిపేటలో మాది చిన్న టైప్‌సెట్టింగ్ షాపు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడకు మా చర్చి సంఘం వాళ్ళు ఏటా ఇచ్చే బైబిలు వాక్యాల క్యాలెండరు. ఈ అనుభవాన్ని కోపం చల్లారాక రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను. చల్లారలేదు. అందుకని ఉన్నదున్నట్టుగానే రాస్తున్నాను.

మా వీధిలో మిగతా షాపులవాళ్ళు మౌస్ పట్టుకుని పేజీలు సర్దుతారు. నేను ఇరవై ఏళ్ళుగా లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తున్నాను. ఏది ఎంత వెడల్పు ఉండాలో, ఏది ఎక్కడ కూర్చోవాలో మనం ఆదేశాలుగా రాసిపెడితే, లేటెక్ లెక్కగట్టి పేజీ కడుతుంది. లెక్కల లెక్చరర్లు, థీసిస్ రాసేవాళ్ళు నా దగ్గరికి వచ్చేది అందుకే. పట్టికలు బాగా కడతానని నాకు పేరు. ఆ పేరే నన్ను ముంచింది.

ఆ ఏడాది మార్చిలో పద్మజ గారు వచ్చారు. రామచంద్రపురంలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్తారు. కాలవల కింద ఊళ్ళలో చేతిపంపుల నీళ్ళు సీసాల్లో పట్టి, మూడేళ్ళు పరీక్షలు చేసి, ఏ బోరులో నైట్రేటు ఎంత ఉందో రాసుకున్నారు. నైట్రేటు పొలాల్లో వేసే ఎరువుల నుంచి నీళ్ళలోకి దిగుతుంది. రుచి ఉండదు, రంగు ఉండదు. పెద్దవాళ్ళకు వెంటనే ఏమీ తెలియదు గాని, ఆ నీళ్ళతో డబ్బాపాలు కలిపి పడితే పసిపిల్లలకు ప్రమాదం. ఆవిడ పనిని ఒక ట్రస్టు చిన్న పుస్తకంగా వేసి, పంచాయతీలకు పంచుతానంది. ట్రస్టు నడిపేది జయరాజు గారు. రిటైరైన ఇంజినీరు, మా సంఘంలో పెద్ద. ఆదివారం ముందు వరుసలో కూర్చుంటారు, మా అందరికంటే ఎక్కువసేపు ప్రార్థన చేస్తారు.

పట్టికలో మూడు నిలువు వరుసలు. ఊరు, ఆ ఊళ్ళో బోర్లు, ఒక్కో బోరు పక్కన నైట్రేటు అంకె. ఇక్కడే నా మొదటి తప్పు ఉంది, దాచను. ఒక్కో బోరుకు ఒక్కో అడ్డ వరుస ఇవ్వాలి. ఊరి పేరును మల్టీరో అనే ఆదేశంతో ఆ వరుసలన్నిటికీ కలిపి ఒకచోట పెట్టొచ్చు. నేను అలా చేయలేదు. పద్మజ గారి ఫైల్లో ఎలా ఉందో అలాగే, ఒక ఊరి బోర్లన్నిటినీ ఒకే గడిలో ఒకదాని కింద ఒకటి రాసి, అంకెలన్నిటినీ పక్క గడిలో ఒకదాని కింద ఒకటి రాశాను. పేర్ల గడికి ఐదు సెంటీమీటర్ల వెడల్పు ఇచ్చాను కాబట్టి ప్రతి పేరూ ఒకే వరుసలో పట్టింది. ప్రతి పేరుకు ఎదురుగా దాని అంకె చక్కగా నిలబడింది. పద్మజ గారు వేలు పెట్టి ఒక్కో వరుసా చూసుకుని, ప్రూఫు కింద సంతకం చేసి వెళ్ళారు.

రెండు రోజులకు జయరాజు గారు వచ్చారు. ఆయన చేతిలో ఫోటోలు. ట్రస్టు సభల్లో శాలువాలు కప్పుతున్నవి, దీపం వెలిగిస్తున్నవి. వాటిని ప్రతి పేజీలోనూ కుడివైపు నిలువుగా పెట్టమన్నారు. పట్టికను కాస్త నొక్కమన్నారు. గీతలు జైలు ఊచల్లా ఉన్నాయి, తీసేయమన్నారు. అన్నీ పైకి అతుక్కుపోయినట్టున్నాయి, గడి మధ్యకు తెమ్మన్నారు. పద్మజ గారికి ఒకసారి చూపిస్తానంటే, అంకెలు మార్చడం లేదు కదా, అలంకారమే కదా అన్నారు. సభ వారంలో ఉంది అన్నారు.

ఆయన మాట కాదనడం నాకు చేతకాలేదు. పెద్దల మాట వినడం భక్తి అని పెరిగినదాన్ని. పేర్ల గడి వెడల్పును ఐదు నుంచి మూడు సెంటీమీటర్లకు తగ్గించాను. లేటెక్‌లో p అని రాస్తే గడిలోని రాత పై వరుస నుంచి మొదలవుతుంది, m అని రాస్తే నిలువుగా మధ్యకు వస్తుంది. p ఉన్నచోటల్లా m చేశాను. గీతలు తీసేశాను. మొత్తం కలిపి పది నిమిషాల పని. రాత గడి దాటి బయటకు వస్తే లేటెక్ ఓవర్‌ఫుల్ అని హెచ్చరిస్తుంది. ఆ రోజు ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. పేజీ బాగుందనుకుని ప్రెస్సుకు పంపేశాను.

ఏం జరిగిందో చెప్తాను. కాలవ కింద ఒక ఊరు, పేరు రాయను. అక్కడ ఐదు బోర్లు. రెండోదాని పేరు పొడుగు, ‘పంచాయతీ ఆఫీసు వెనక ప్రహరీ బోరు’. మూడు సెంటీమీటర్లలో అది పట్టక రెండు వరుసలుగా విరిగింది. ఐదు పేర్లు ఆరు వరుసలయ్యాయి. పక్కన అంకెలు ఐదే. రెండు గడులూ మధ్యకు సర్దుకునేసరికి ప్రతి అంకె సగం వరుస కిందికి జరిగి, రెండు వరుసల నడుమ వేలాడింది. గీతలు లేవు. ఏ అంకె పై పేరుదో, ఏది కింది పేరుదో చెప్పడం ఎవరి తరమూ కాదు. మూడో బోరు అంగన్‌వాడీది. ఊరు మొత్తంలో చెడ్డ అంకె దానిదే. పుస్తకంలో ఆ అంకె ప్రహరీ బోరుకూ అంగన్‌వాడీ బోరుకూ మధ్యన ఉంది.

పంచాయతీవాళ్ళు దాన్ని పైదానికి చదువుకున్నారు. మంచి బోర్ల పిడికి ఆకుపచ్చ, చెడ్డవాటికి ఎరుపు రంగు కొట్టాలని ట్రస్టు పుస్తకం పంచేటప్పుడే చెప్పింది, అందుకని ప్రహరీ బోరుకు ఎరుపు కొట్టి గొలుసు వేశారు. అంగన్‌వాడీ బోరుకు ఆకుపచ్చ కొట్టారు. అప్పటిదాకా రెండు చోట్ల పట్టుకునే తల్లులందరూ అంగన్‌వాడీ దగ్గరికే రావడం మొదలుపెట్టారు.

మూడు వారాల తర్వాత పద్మజ గారు ఆ ఊరి మీదుగా వెళ్తూ ఆ ఆకుపచ్చ పిడి చూశారు. శుక్రవారం పొద్దున షాపు తీసేసరికి మెట్ల మీద నిలబడి ఉన్నారు. నా బల్ల మీద తను సంతకం చేసిన ప్రూఫు, పక్కన అచ్చు పుస్తకం పరిచారు.

“సువార్త గారూ, నేను సంతకం పెట్టిన పేజీ ఇదేనాండి?”

 స్కేలు తీసి అంకె కింద పెట్టాను. సగం వరుస. జయరాజు గారు మార్చమన్నారని చెప్పాను.

“ఎవరు మార్చమన్నారని నేను అడగట్లేదండి. నాకు ఒక్క ఫోన్ కొట్టలేదేం? మూడేళ్ళు ఎండలో సీసాలు మోశాను. ఫోటోల కోసం నా పట్టికని నొక్కేశారా?”

 ఆవిడ అప్పటికే ఆ పంచాయతీ కార్యదర్శికి చెప్పి చూశారట. పుస్తకంలో ఉన్నదే మాకు ఆధారం, మార్చాలంటే ట్రస్టు వాళ్ళ లెటర్ తెమ్మన్నాడట. అంగన్‌వాడీ టీచరు మంగ గారికి కూడా చెప్పారు. ఆవిడ తన వంట వరకు వేరే నీళ్ళు తెప్పించుకోగలదు గాని, పిడికి ఆకుపచ్చ రంగు ఉండగా ఊళ్ళో తల్లులను ఎలా ఆపుతుంది? డబ్బాపాలు తాగే పిల్లలు ఆ వీధిలో ముగ్గురున్నారు.

ఒక సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్ళి చెప్పాలి. వినకపోతే ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళాలి. అప్పటికీ వినకపోతే సంఘం ముందు పెట్టాలి. మాకు చిన్నప్పటి నుంచి నేర్పే క్రమం ఇది. ఎవరైనా దీన్ని పాటించగా నేను చూడలేదు. మావాళ్ళు వెనక మాట్లాడుకుంటారు, ఎదుట వందనాలు చెప్తారు.

ఆ మధ్యాహ్నమే జయరాజు గారింటికి ఒంటరిగా వెళ్ళాను. ఆయన మజ్జిగ ఇప్పించారు. అంతా విన్నారు.

“ఎవరికైనా ఏమైనా అయిందా అమ్మా?”

“ఇంకా కాలేదండి.”

“మరి దేవుడు కాపాడుతున్నట్టే కదా. పుస్తకం అధికారుల చేతుల మీదుగా విడుదలైంది. ఇప్పుడు తప్పని లెటర్ ఇస్తే ట్రస్టు ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? రెండోసారి వేసేటప్పుడు దిద్దుదాం. ఈలోగా ప్రార్థనలో పెడదాం.”

నేనూ ప్రార్థన చేసే మనిషినే. మోకాళ్ళ మీద తెల్లవార్లూ గడిపినదాన్ని. ఒక కాగితం మీద రెండు ముక్కలు రాసి సంతకం పెడితే అయ్యే పనిని దేవుడి మీదికి నెట్టడం ప్రార్థన అని నాకు ఎవరూ నేర్పలేదు. ఆ మాట ఆయన ముందు అనలేకపోయాను. గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. దారంతా ఒళ్ళు మండిపోయింది, ఆయన మీద సగం, నా మీద సగం.

శనివారం పాస్టరమ్మ గారినీ, సండే స్కూల్లో నాతో పాఠాలు చెప్పే రిటైరైన హెడ్‌మాస్టరు గారినీ తీసుకెళ్ళాను. ఈసారి మజ్జిగ లేదు. జయరాజు గారు, అక్షరాలు కూర్చిన మనిషిది తప్పైతే ఆ మనిషే సరిచేసుకోవాలి అన్నారు. హెడ్‌మాస్టరు గారు మెత్తగానే, ఫోటోలు పెట్టమంది ఎవరండీ అని అడిగారు. జయరాజు గారు లేచి లోపలికి వెళ్ళిపోయారు.

ఆదివారం ఆరాధన అయ్యాక మా దగ్గర సాక్ష్యాలు చెప్తారు. జ్వరం తగ్గినవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు లేచి స్తోత్రం చెల్లిస్తారు. నేను ఆ పుస్తకమూ, పద్మజ గారి ప్రూఫూ పట్టుకుని లేచాను. సాక్ష్యం కాదు, ఒప్పుకోలు అన్నాను. ఈ పేజీ నేను కట్టాను, లెక్చరరు సంతకం చేశాక ఆవిడను అడక్కుండా మార్చాను, దానివల్ల చెడ్డ నీళ్ళ బోరు మంచిదని ఒక ఊరు నమ్ముతోంది అన్నాను. మార్చమన్నది ఎవరో కూడా చెప్పాను, ఆయన ముందు వరుసలోనే ఉన్నారు కాబట్టి. అక్కడే నిలబడి ఐదు బోర్లూ, ఐదు అంకెలూ ప్రూఫులో ఉన్నట్టు చదివాను.

“దేవుని సన్నిధిలో ఈ గొడవలేంటమ్మా” అన్నారు జయరాజు గారు, వెనక్కి తిరక్కుండానే.

పాస్టరు గారు తర్వాత మాట్లాడుకుందామన్నారు. అప్పుడు వెనక చాప మీద నుంచి, ఆ ఊరి నుంచి షేర్ ఆటోలో వచ్చే ఒకమ్మాయి ఒళ్ళో బిడ్డతో లేచి నిలబడింది.

“అంటే ఆకుపచ్చ రంగు కొట్టిన బోరేనా అండి చెడ్డది? నేను దీనికి పాలు కలిపేది ఆ నీళ్ళతోనేనండి.”

 తర్వాత మాట్లాడుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆ అమ్మాయి ఆశీర్వాదం దాకా ఆగకుండా వెళ్ళిపోయింది. ఆమెతో వచ్చిన ముగ్గురు కూడా లేచారు. సాయంత్రానికి ఆ వీధిలో ఆ పంపు దగ్గరికి ఒక్క బిందె రాలేదని మంగ గారు పద్మజ గారికి ఫోన్ చేశారు.

సోమవారం ట్రస్టు లెటర్ పంచాయతీకి చేరింది. ‘టైప్‌సెట్టింగ్ షాపు పొరపాటు వల్ల’ అని మొదలైంది. ఫోటోల మాట లేదు, వెడల్పు తగ్గించమన్న మాట లేదు. అందులో ఉన్నది నిజమే, సగం నిజం. కొంతమంది మా సంఘంలో ఇప్పటికీ నాతో మాట్లాడరు. పెద్దమనిషిని నలుగురిలో నిలబెట్టానంటారు. ఆ బిడ్డ ఏమైందని వాళ్ళలో ఒక్కరూ అడగలేదు. బిడ్డ బాగానే ఉంది. అడగనివాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను.

పట్టికను మొదటి నుంచి కట్టాను. ఒక్కో బోరుకు ఒక్కో అడ్డ వరుస, ప్రతి వరుస కింద సన్నని గీత. ఇప్పుడు పేరు రెండు వరుసలుగా విరిగినా ఆ గడితోపాటు వరుస మొత్తం ఎత్తు పెరుగుతుంది, అంకె తన పేరును వదిలిపోదు. ఆ కాగితం పట్టుకుని పద్మజ గారూ నేనూ ఆ ఊరు వెళ్ళాం. మంగ గారు అంగన్‌వాడీ గుమ్మంలో నిలబడి కాగితం అందుకోలేదు.

“పోయినసారి కూడా అచ్చులోనే వచ్చిందండి. ఇది సరైందని నేనెలా నమ్మాలి?”

పద్మజ గారు సంచిలోంచి పాత నోటుబుక్కు తీశారు. సీసాల మీది నంబర్లు, పట్టిన చోటు అన్నీ తన చేతిరాతలో ఉన్నాయి. అప్పుడు నాకు మా ఆరాధనలో చదివే పద్ధతి తోచింది. ఒక వచనం ముందున్నవాళ్ళు చదివితే తర్వాతది సంఘమంతా కలిసి చదువుతుంది, ఎవరూ ఊరికే వింటూ కూర్చోవడానికి ఉండదు. అలాగే చేశాం. ఐదు బోర్ల దగ్గరికీ నడిచాం. ప్రతి పంపు ముందూ నేను కాగితంలోంచి పేరు చదివాను, మంగ గారు ఎదురుగా ఉన్న పంపును చూసి అవునో కాదో చెప్పారు, పద్మజ గారు నోటుబుక్కులోంచి అంకె చదివారు, అది కాగితంలో ఉందో లేదో మంగ గారే వేలు పెట్టి చూశారు. అంగన్‌వాడీ పంపు దగ్గర ఆవిడ ఆ అంకెను తనే రెండుసార్లు పైకి చదివారు. తర్వాత రంగు మార్చడానికి వచ్చిన పంచాయతీ మనిషి చేతిలోంచి కుంచె లాక్కుని ఎరుపు రంగు తనే కొట్టారు.

“మొదట్లోనే ఇలా చదవడానికి ఎంతసేపు పట్టేదండి?” అని అడిగారు, నా వైపు చూడకుండా.

“పావుగంటండి” అన్నాను.

ఇప్పుడు నా షాపులో సంతకం అయిన పట్టికలో వెడల్పు ఒక్క మిల్లీమీటరు మారినా, p కాస్తా m అయినా ఆ సంతకం చెల్లదు. కొత్త ప్రూఫు తీసి, రాసిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, ఒక గడి నేను, ఒక గడి వాళ్ళు పైకి చదువుతాం. అంత టైము లేదనేవాళ్ళను వేరే షాపు చూసుకోమంటాను. వాళ్ళు సంఘ పెద్దలైనా సరే.