నల్లబుగ్గ దేవదూత

హంగేరీలోని షోప్రోన్ పట్నంలో డెజోను ఎరగనివారు లేరు. ఎరగకపోతే ఆయనే చెప్పుకుంటాడు. బీరు కార్ఖానాలో ఒకప్పటి ఉత్తమ కార్మికుడు, మేయరు చేతుల మీదుగా పతకం పుచ్చుకున్నవాడు, బంతి దొర్లించి కొయ్యలు పడగొట్టే బౌలింగ్‌లో వీధి విజేత. అన్నిటికన్నా పెద్ద ఘనత, ప్రభువుల మేడలో పుట్టడం.

పుట్టిన మాట నిజమే. కాకపోతే అప్పటికి ప్రభువులు ఎప్పుడో వెళ్ళిపోయారు. సర్కారువారు మేడను ముక్కలు చేసి కుటుంబానికొకటి ఇచ్చారు. డెజో వాళ్ళకు నాట్యశాలలో కిటికీ వైపు ముక్క దక్కింది. తల్లి రోజాలియా అక్కడే పొయ్యి పెట్టి, బాతు కొవ్వులో రొట్టెలు వేయించి, పిల్లల్ని పెంచింది. పైకప్పు మూలనున్న బొద్దు సున్నపు దేవదూత బొమ్మకు ఆ పొగతో ఒక బుగ్గ నల్లబడిపోయింది.

ఇప్పుడా మేడ మ్యూజియం, డెజో కాపలాదారు. నేల గీతలు పడకుండా వచ్చినవాళ్ళ బూట్లకు ఉన్ని తొడుగులు తగిలించి నేరుగా ఆ మూలకే నడిపిస్తాడు.

"ప్రభువుగారి పటం ఎక్కడికీ పోదు. ముందు మా అమ్మ పొగ చూడండి!"

ఈ వసంతంలో పైకప్పు కడగడానికి పరంజా కట్టారు. డెజోకు సూప్ సయించలేదు. మ్యూజియం అధికారిణి ఓర్షోయా దగ్గరికి పరుగెత్తాడు.

"అమ్మాయీ, మిగతా దేవదూతల మొహాలు కడుక్కో. ఆ నల్లబుగ్గవాడి జోలికి మాత్రం పోకు."

"మసి మసే కదా, బాబాయ్!"

"ఈ ఊళ్ళో మా అమ్మ ఆనవాలు అదొక్కటేనమ్మా."

ఓర్షోయా మెత్తబడింది. పాత రూపం తెలియడానికి ఎలాగూ ఒకచోట కడక్కుండా వదిలేస్తారట. ఆ బుగ్గనే వదిలేసి, కింద రోజాలియా పేరు రాయిస్తానంది.

సంగతి తెలిసి డెజో అక్క ఎటెల్కా, బజారు నుంచి క్యాబేజీ సంచితోనే మ్యూజియంలో ఊడిపడింది.

"ఒరేయ్, వీధి మొత్తానికి శుభ్రమైన మనిషి మన అమ్మ! మసి కింద ఆవిడ పేరు పెట్టిస్తావా? వియన్నా నుంచి చూడ్డానికొచ్చేవాళ్ళు ఏమనుకుంటారు?"

"పొగ ఆవిడదే కదక్కా..."

"పొగ ఆవిడది, మసి నీది! ప్రతి ఈస్టరుకీ బల్ల మీద నిచ్చెన వేసి, నిన్నెక్కించి ఆ దేవదూత మొహం తుడవమనేది. ఒక బుగ్గ తుడిచి, చెయ్యి నొప్పని దిగిపోయేవాడివి కాదట్రా?"

ఓర్షోయా నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. డెజో దేవదూతకేసి చూశాడు. కడిగిస్తే తన పరువు దక్కుతుంది, అమ్మ పొగ పోతుంది.

"రాసుకో అమ్మాయీ," అన్నాడు చివరికి. "రోజాలియా తుడవమంది. కొడుకు డెజో తుడవలేదు."

ఎటెల్కా సంచి కింద పెట్టింది.

"వాడి పేరు కాస్త పెద్దక్షరాల్లో వెయ్యమ్మా."