కడల్‌పాసితో చేసిన కణం

మా పాప ఎనిమిదో తరగతిలో ఉండగా సైన్సు టీచరు జంతుకణం నమూనా చేసుకురమ్మన్నారు. తరగతిలో అందరూ థర్మోకోల్‌తో చేస్తున్నారని, తను మాత్రం వేరేగా చేయాలని పాప పట్టుబట్టింది. లోపలున్నవన్నీ నీళ్లలో తేలుతున్నట్టు కనిపించాలట. ఆదివారం పొద్దున్నే అంగడికి పోయి కడల్‌పాసి తెచ్చాం. నీళ్లలో మరిగించి చల్లారిస్తే జెల్లీలా పేరుకునే తెల్లటి పీచు అది. మా లైన్లో తమిళుల ఇళ్లలో దాంతో మిఠాయి చేస్తారు.

మాది బంగారు గని కార్మికుల కోసం ఎప్పుడో కట్టిన లైను ఇళ్లలో ఒకటి. నేను పలమనేరు దగ్గరి పల్లె నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చేటప్పటికే గనులు మూతపడ్డాయి. మామగారిని ఫోటోలో తప్ప చూడలేదు. గని ప్రమాదంలో పోయారని తెలుసు, అంతే. మా అత్త ఆ సంగతి ఎత్తేది కాదు. ఎవరైనా ఎత్తినా లేచి పక్కకు వెళ్లిపోయేది.

ఆ రోజు మా ఆయనకు సెలవు లేదు. చీకటితోనే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు వెళ్లారు. ఇంట్లో మేం ముగ్గురమే. పెద్ద గాజుగిన్నెలో జెల్లీ పోశాం. కేంద్రకానికి గులాబ్ జామూన్, మైటోకాండ్రియాకు నానబెట్టిన ఎండుద్రాక్ష, రైబోజోములకు రాగులు. క్యారెట్ తొక్కను మడతలు పెట్టి గాల్జీ అంది పాప. అనపకాయలు ఒలుస్తున్న అత్త మెడ చాచి చూసింది.

"దీంట్లో ప్రాణం యాడుండాది పాపా?"

"అంతా ప్రాణమే అవ్వా. ఇట్లాంటివి నీలో కోట్లు ఉండాయి."

"నాలోనా," అని అత్త నవ్వింది.

నీళ్లు కాస్త ఎక్కువయ్యాయేమో, జెల్లీ మెత్తగానే పేరుకుంది. కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, పాప కాగితం ముక్కల మీద పేర్లు రాస్తూ కాస్త దూరంగా నేల మీద కూర్చుంది. మధ్యాహ్నం మూడు గంటలైవుంటుంది. నేను బియ్యం ఏరుతున్నాను, అత్త ఇంకా అనపకాయలు ఒలుస్తోంది. ఉన్నట్టుండి పాప, "అమ్మా, నేను ముట్టుకోలేదు," అంది.

తలెత్తి చూశాను. గిన్నెలో జెల్లీ వణుకుతోంది. మధ్యలో గులాబ్ జామూన్ అటూ ఇటూ కదులుతోంది. బల్ల దగ్గర ఎవరూ లేరు. నా కాళ్ల కింద నాకేమీ తెలియలేదు. కొన్ని క్షణాలకు అదే ఆగిపోయింది.

ఇక్కడివాళ్లు దాన్ని ఎయిర్‌బ్లాస్ట్ అంటారు. లోపల ఎక్కడో రాయి ఒత్తిడికి పగిలితే పైన నేల అదురుతుంది. గనులు మూసి సొరంగాల నిండా నీళ్లు చేరినా అది పూర్తిగా ఆగలేదు. అలా అదిరినప్పుడల్లా అత్త బయటికి వెళ్లేది. భయంతో వెళుతోందని నేననుకునేదాన్ని.

ఆ రోజు జెల్లీ వణకడం ఆమె కళ్లతో చూసింది. ఒడిలోని కాయలు నేల మీద రాలుతున్నా పట్టించుకోకుండా లేచి, వీధి చివరికి పోయి, గనిలోకి దిగే షాఫ్ట్ వైపు తిరిగి నిలబడింది. పాప వెనకే వెళ్లింది, నేనూ వెళ్లాను. లైన్లో సగం ఇళ్లకు తాళాలు. వేరే ఎవరూ బయటికి రాలేదు.

"ఎందుకవ్వా ఈడ నిలబడినావు? లోపల ఇంగ ఎవరూ లేరు కదా?" అని పాప అడిగింది.

 అత్త షాఫ్ట్ వైపు చూస్తూనే చెప్పింది.

"ఆ పొద్దు గూడ ఇట్లే అదిరింది. లైన్లో ఆడోళ్లంతా షాఫ్ట్ కాడికి పరిగెత్తినారు. మీ నాయనకు నాలుగేండ్లు. జొరమొచ్చి రెండు దినాలు ఏమీ తినలేదు. అప్పుడే నోరు తెరిచి సంగటి అడిగినాడు. ఎప్పుడూ అదిరేదే కదా, వీనికి పెట్టేసి పోదామని కూచున్నాను. మెల్లగా తిన్నాడు. నేను పొయ్యేతలికి మీ తాతను పైకి తెచ్చి, బండిలో ఆస్పత్రికి పంపించేసినారు. పైకి తెచ్చినప్పుడు మాట ఉండిందంట. నేను యాడుండానని అడిగినాడంట. పక్కింటామె చెప్పింది."

"ఆస్పత్రికి పోలేదా అత్తా?" అన్నాను.

"పోయినాను. అప్పటికి మాట లేదు."

పాప ఆమె చెయ్యి పట్టుకుంది. అత్త, "మీ నాయనకు చెప్పద్దు పాపా. తాను తిన్న ముద్ద వల్లనే అనుకుంటాడు," అంది. మళ్లీ కాసేపటికి, "లోపల నీళ్లేనని నాకు తెల్దా? తెలిసినా కూచోలేను," అంది.

ఇంట్లోకి వచ్చాక అత్త ఆ గిన్నె ఉన్న వైపు చూడలేదు. పాప ఎవరినీ అడక్కుండా గిన్నె పెరట్లోకి తీసుకుపోయి ఖాళీ చేసింది. మైదాపిండి కలుపుకుని, ఒక అట్ట మీద పరిచి, మళ్లీ మొదటినుంచి చేసుకుంది.

ఏడున్నరకు వాళ్ల నాన్న వచ్చారు. "జెల్లీ ఏమయింది?" అన్నారు.

"గట్టిపడలేదు నాయనా."

పాప ఆయనతో అబద్ధం చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. ఆయన అన్నం తింటున్నంతసేపు ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉంది.

"అట్ల చూస్తావేమి?"

"ఊరికే."

మైదా నమూనా తెల్లారేటప్పటికి బీటలు వారింది. టీచరు పదికి ఆరు మార్కులు వేశారు. 

ఆ తర్వాత నుంచి నాకూ అదే పట్టుకుంది. బిందెలో నీళ్లు, గ్లాసులో కాఫీ, ఏది చూసినా కదులుతోందేమోనని చూస్తాను. లారీ పోయినా లేచి నిలబడతాను. అన్నిటికన్నా కష్టం మా ఆయనకు వడ్డించడం. ఆయన నెమ్మదిగా తినే మనిషి. కూర బాగుందని మరికాస్త అడిగితే నా చెయ్యి ఆగుతుంది. నాలుగేళ్ల పిల్లవాడు జ్వరానికి వాడిన మొహంతో ముద్ద కోసం నోరు తెరవడం, బయట ఆడవాళ్లు పరిగెత్తడం కనిపిస్తాయి. నేను చూడని రోజు అది.

ఇప్పుడు నేల అదిరితే అత్తతో పాటు నేనూ వీధి చివరికి పోతాను.  ఆమె "ఇంగ పా" అన్నాక వెనక్కి వస్తాం.

పోయిన నెలలో ఒకసారి మేం అలా తిరిగి వచ్చేటప్పటికి ఆయన గడపలో ఉన్నారు. అత్త లోపలికి పోయాక, "అమ్మ యెందుకట్ల పోయి నిలబడతాది? నీకేమన్నా చెప్పిందా?" అని అడిగారు.

"లేదు," అన్నాను.

ఆయన చదువంతా కన్నడలో సాగింది. తెలుగు మాట్లాడతారే గాని అక్షరాలు రావు. అందుకే ఇది రాయడానికి ధైర్యం చేశాను.