తౌడుకు అమ్మిన కొడుకు

మా గట్టయ్య మామ ముక్కుపోగు అరిగిపోతోందని మొదట కనిపెట్టింది నేనే. కనిపెట్టడం నా వృత్తి. వరంగల్ కరీమాబాద్‌లో నాకొక చిన్న బ్యూటీ పార్లర్ ఉంది. కనుబొమ్మలు తీర్చడంలో కన్నా చెవులు, ముక్కులు కుట్టడంలోనే ఈ స్నేహలతకు పేరెక్కువ. ఎదుటి మనిషి మొహం కంటే ముందు నా చూపు చెవి తమ్మెల మీదికి పోతుంది. అందుకే పెళ్లిళ్లలో నన్ను చూడగానే ఆడవాళ్లు కొంగు చెవుల మీదికి లాక్కుంటారు.

లాక్కోక ఏం చేస్తారు? బరువైన బుట్టకమ్మలు పొద్దస్తమానం వేలాడేసుకుంటారు. రంధ్రం సాగి సాగి గీతలా అయిపోయి, దారమంత చర్మం మిగిలాక నా దగ్గరికి వచ్చి "జర అతికియ్యరాదక్కా" అంటారు. చెవి ఏమన్నా తెగిన చెప్పా, అతికించడానికి? సాగుతున్నప్పుడే బరువు దించుకోవాలి, పడుకునే ముందు తీసి పక్కన పెట్టాలి. తెగిపోతే డాక్టరు దగ్గర కుట్లు వేయించుకుని, బాగా మానాక పక్కన కొత్తగా కుట్టించుకోవాలి. ఈ మధ్య కాలేజీ పిల్లలు మరీ విడ్డూరం. చెవి తమ్మెను కావాలని సాగదీసుకుంటున్నారు. నెలల తరబడి మెల్లగా చేయవలసిన పనిని ఒక్క ఆదివారంలో చేసి, చర్మం చిట్లి నెత్తురు కారుతూ వస్తారు. వాళ్లను తిట్టి, కడిగి, మళ్లీ తిట్టి పంపిస్తాను. కొత్తగా కుట్టిన చోట ఉప్పునీళ్లు తప్ప పసుపు, నూనె, పసరు ఏదీ పెట్టవద్దని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను. చదివి, తలూపి, ఇంటికి పోయి పసుపే పెడతారు.

ఇంత నోరున్న నేను మా మామ ముక్కు దగ్గర మాత్రం మెత్తబడేదాన్ని. ఆ ముక్కు వెనకాల మా అమ్మమ్మ ఉంది.

అమ్మమ్మ పేరు మొగిలమ్మ. మామకంటే ముందు ఆమెకు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. పేరు పెట్టే వేళకు ఒక్కొక్కరే పోయారు. మామ పుట్టగానే వాడకట్టు ఆడవాళ్లంతా కలిసి, పసివాణ్ని చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెట్టారు. వేరే కులపు ముసలామె వచ్చి, దోసెడు తౌడు ఇచ్చి ఆ పిల్లవాణ్ని కొనుక్కుంది. ముక్కు కుట్టి రాగి తీగ పోగు వేశారు. వీడు అమ్ముడుపోయినవాడు, మొగిలమ్మ కొడుకు కాడు అని చావుకు తెలియడానికి అది గుర్తు. గట్టిగా నిలవాలని గట్టయ్య అని పిలిచారు. కొన్నామె ఆ తర్వాత పిల్లవాణ్ని అమ్మమ్మ ఒళ్లోనే పెట్టి "నా బిడ్డను జర సాదు" అని చెప్పి పోయిందట. మామ బతికాడు. ఆ వెనక పుట్టిన మా అమ్మ కూడా బతికింది.

"పోగున్నదనే నేను వాన్ని కొడుకా అంటాన. పోగు లేకుంటే నా నోట్లెకెల్లి ఆ మాట రావద్దు" అనేది అమ్మమ్మ. చిన్నప్పుడు నాకు ఆ మాట ముద్దుగా ఉండేది. కథలో రాకుమారుడు మా ఇంట్లోనే ఉన్నట్టు మురిసిపోయేదాన్ని.

ఆ రాకుమారుడు మిర్చి యార్డులో బస్తాల మూతులు కుట్టేవాడు. చేతిలో దబ్బనం, భుజాన సుతిలి దారం ఉండలు, మిరప ఘాటుకు ముక్కు మీదుగా కట్టిన తువ్వాలు. తువ్వాలు విప్పితే ముక్కుపోగు. హమాలీలు "గట్టమ్మా" అని పిలిచి ఆటపట్టిస్తే, "మీ పెండ్లాలకు చేపియ్యరైతిరి, నాది చూసి సంబురపడుండ్రి" అని నవ్వేవాడు. అత్త పోయి చాలా కాలమైంది. కూతురిది డోర్నకల్‌లో రైల్వే క్వార్టర్లో కాపురం. మామ, అమ్మమ్మ ఒకే ఇంట్లో ఉంటారు. ఆ ఇంటికి గోడ ఆనుకుని గాజుల దుకాణం షహజాదీ ఇల్లు. షహజాదీ మామకన్నా చిన్నది. ఆయన్ను గట్టన్న అనేది, అమ్మమ్మను పెద్దమ్మా అనేది. ఆ రెండిళ్లలో ఏ కూర ఉడికినా సగం గోడ దాటేది.

పోయిన చలికాలం ఒకరోజు మామ టీ తాగుతుంటే చూశాను. రాగి పోగు ఒక పక్క అరిగి వెంట్రుకలా అయింది. అరవై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి ముక్కులో పుట్టినప్పటి తీగ, అరగదా మరి? పైగా ఆయనకు షుగర్ ఉంది. ఆ వాడి అంచు ఎక్కడ గీరుకుపోతుందోనని నాకు బెంగ పుట్టింది.

"మామా, అది తెగుతది. మంచి స్టీలుది నేనే ఏస్త, నొప్పి సుత ఉండది" అన్నాను.

"అవ్వ ఏసింది బిడ్డా. అవ్వనే తియ్యాలె."

అమ్మమ్మను అడిగాను. ఆమె బియ్యం చెరుగుతూ చేట ఆపింది. "ఒకటి తీసి ఇంకోటి ఏసే మధ్యల వాన్ని చూస్తే?" అంది.

"ఎవలు చూస్తరమ్మమ్మా?"

ఆమె మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. పట్టపగలు, వంటింట్లో, చేట చప్పుడు తప్ప ఏమీ లేనిచోట నాకు ఒళ్లు జలదరించింది. నా భయం మీద నాకే కోపం వచ్చి, ఇక ఆ మాట ఎత్తలేదు.

మిర్చి సీజన్ ఊపందుకున్న రోజుల్లో ఆ పోగు తెగింది. తువ్వాలు విప్పుతుంటే దారప్పోగు చిక్కుకుని, లాగేసరికి తీగ ఊడి మిరపకాయల రాశిలో పడింది. మామ రాశంతా కెలికాడు. ఎర్రటి కాయల్లో ఎర్రటి రాగి దొరుకుతుందా? చేత్తో ముక్కు మూసుకుని ఇంటికి ఉరికాడు. ఆటోలో ఊపిరాడకపోయినా చెయ్యి తియ్యలేదట. అమ్మమ్మ ఆలస్యం చేయలేదు. మా వైపు కొత్తగా కుట్టిన ముక్కు, చెవి పూడిపోకుండా చీపురుపుల్ల పెట్టడం అందరికీ తెలిసిన పనే. వాకిలి ఊడ్చే చీపురు నుంచి ఒక పుల్ల విరిచి, పసుపు ముద్దలో అద్ది, గీరుకుపోయి నెత్తురు కారుతున్న ఆ రంధ్రంలోకి తోసింది. తోసి, తృప్తిగా ఊపిరి పీల్చుకుంది.

నేను అప్పుడు మా అమ్మకు బాగాలేక నర్సంపేటలో ఉన్నాను. తిరిగి వచ్చి చూసేసరికి మామ మొహం మామ మొహంలా లేదు. ముక్కు ఒక పక్క నల్లబడి ఉబ్బింది. ఎరుపు బుగ్గ మీదుగా పాకి కింది రెప్పను పట్టుకుంది. ఆ కన్ను సగమే తెరుచుకుంటోంది. ఒళ్లు కాలిపోతోంది. నల్లబడ్డ కండ మధ్య నుంచి ఆ పుల్ల అలాగే పొడుచుకుని ఉంది.

నా దగ్గరికి వచ్చే పిల్లలకు చీము పట్టిందని కంగారుపడి పోగు పీకెయ్యవద్దనే చెప్తాను. పీకితే పైన రంధ్రం మూసుకుని చీము లోపలే ఉండిపోతుంది. కానీ జ్వరం వచ్చి ఎరుపు పాకుతుంటే, అదీ షుగర్ ఉన్న మనిషికి కంటివైపు పాకుతుంటే, అది నా ఉప్పునీళ్లతో పోయేది కాదు. నేను, షహజాదీ చెరో రెక్క పట్టుకుని మామను దవాఖానకు తీసుకుపోయాం. అమ్మమ్మ ఆయన వెనకే గుమ్మం దాకా వచ్చి, "పుల్ల పైలం" అంది.

డాక్టరు లైటు వేసి చూశాడు. బయటికి పిలిచి నాతో నిదానంగా చెప్పాడు. విషం కంటి వెనక్కి పోతోంది, అక్కడి నుంచి మెదడుకు దూరం లేదు, ఆ పుల్ల తీసి చచ్చిన కండనంతా ఇప్పుడే కోసెయ్యాలి అన్నాడు.

"కోసినంక ప్లాస్టిక్ పోగన్న పెట్టుకోవచ్చా సార్?"

"ఎక్కడ పెడతారమ్మా? ముక్కు రెక్కే ఉండదు."

ఆ మాట మామకు వినిపించింది. మంచం దిగి గోడకు ఆనుకుని, అరచేత్తో ముక్కు కప్పుకున్నాడు. నర్సులు బతిమాలారు, నేను ఏడ్చాను, అరిచాను. చిన్నపిల్లవాడిలా తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. "ఇది పోతే నేను దొరుకుత స్నేహా. అవ్వను పిలువు. అవ్వ ఏం చెప్తే గదే" అన్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. ఇందాక తెరుచుకున్న సగం కన్ను కూడా ఇప్పుడు మూసుకుపోయింది.

షహజాదీ పోయి అమ్మమ్మను తెచ్చింది. ఆమె ఏడవలేదు. కొడుకు మొహాన్ని చాలాసేపు చూసింది.

"పోగు పెట్టుటానికి జాగనే ఉండదా?" అని నన్ను అడిగింది.

"ఉండదమ్మమ్మా. కొయ్యకుంటే మనిషే ఉండడు."

"అయితే మళ్లా అమ్మాలె" అంది అమ్మమ్మ, షహజాదీ వైపు తిరిగి. "నీ దేవుడు వేరు, నా దేవుడు వేరు. నీ ఇంట్లకొచ్చి వాన్ని దేవులాడరు. నువ్వే కొనుక్కో."

"యా అల్లా! గట్టన్న నాకన్న పెద్దోడు గద పెద్దమ్మా, నేనెట్ల కొంట?"

"తౌడుకు కొను. పో, తే."

దవాఖానలో తౌడు ఎక్కడ దొరుకుతుంది? షహజాదీ క్యాంటీన్ వైపు ఉరికింది. రొట్టెల పిండి జల్లించిన జల్లెడలో మిగిలిన పొట్టును దోసిట్లో పోయించుకుని వచ్చింది. దారి పొడవునా పొట్టు వేళ్ల సందుల్లోంచి రాలుతూనే ఉంది. అమ్మమ్మ కొంగు పట్టింది. ఆ పొట్టును ఒక్క రవ్వ కింద పడకుండా మూట కట్టుకుంది. మామ చేతిని ముక్కు మీది నుంచి తీసి షహజాదీ చేతిలో పెట్టింది.

"ఇగ నీ బిడ్డ. బతికినా సచ్చినా నీదే. నాకు కొడుకు లేడు." వార్డంతా వినేలా గట్టిగా అంది.

"అవ్వా..." అన్నాడు మామ.

ఆమె తిరగలేదు. కొంగు మూటను పొట్టకు అదుముకుని నడిచి వెళ్లిపోయింది. షహజాదీ ఆయన చెయ్యి వదలకుండా "నడువు కొడుకా, లోపలికి నడువు" అంది. మామ కాగితం మీద వేలిముద్ర వేసి లోపలికి నడిచాడు.

నాకు అమ్మమ్మ మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. మొండివాణ్ని దారికి తేవడానికి ఎంత ఉపాయం పన్నింది అనుకున్నాను. ఇంటికి పోయాక అంతా మామూలే అనుకున్నాను.

మామ బతికాడు. కన్ను దక్కింది. ముక్కు రెక్క పోయి, ఆ పక్కన తెరిచిన కిటికీలా మిగిలింది. ఇంటికి తెచ్చిన రోజు అమ్మమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఆయన "అవ్వా" అని మెట్టు మీద కాలు పెట్టబోతే, ఆమె లేచి అడ్డం నిలబడింది.

"షహజాదీ కొడుకువా అయ్యా? మీ అమ్మ ఇల్లు పక్కది."

మామ నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన చాప, దుప్పటి, కంచం, దబ్బనం అన్నీ అప్పటికే గోడ దాటించింది. ఆ రోజు నుంచి మామ తినేది, పడుకునేది షహజాదీ ఇంటి వరండాలోనే. "లే కొడుకా, టీ తాగు. అమ్మ మాట వినాలె" అని షహజాదీ ఆటపట్టిస్తే మొదట్లో ఇద్దరూ పడిపడి నవ్వేవారు. తర్వాత ఆ నవ్వు తగ్గింది.

నేను ఊరుకుంటానా? పోయి అమ్మమ్మతో కొట్లాడాను. "కన్నకొడుకును వాకిట్ల నిలబెడ్తవా? నీకేమన్న పిచ్చి లేసిందా?"

ఆమె నా అరుపులన్నీ విన్నది. "వాడు బతికిండా లేదా?" అంది.

"డాక్టరు బతికిచ్చిండు!"

"బతికిండు గద."

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆమె చూపు నా మీద లేదు. నా భుజం మీదుగా తలుపు బయటికి చూస్తోంది. ఉన్నట్టుండి నేను కూడా వెనక్కి తిరిగి చూశాను. నా మీద నాకే రోత పుట్టింది.

మామ మళ్లీ యార్డుకు పోతున్నాడు. నేను చెప్పినట్టు ఉప్పునీళ్లతో కడుక్కుంటున్నాడు, రెండు తువ్వాళ్లు కట్టుకుంటున్నాడు. సాయంత్రం వచ్చేటప్పుడు జామకాయలో, మెత్తటి బన్నులో తెచ్చి అమ్మమ్మ అరుగు మీద పెడతాడు. "మీ అమ్మ మంచిగున్నదా అయ్యా?" అని అడుగుతుంది. "మంచిగున్నది" అంటాడు. ఆయన గోడ దాటాక ఆమె ఆ బన్నును చేతిలో పట్టుకుని చాలాసేపు తినకుండా కూర్చుంటుంది.

నిన్న సాయంత్రం వాన పడి వెలిసింది. నేను అరుగు మీదే ఉన్నాను. మామ సంచి పెట్టి తిరగబోతూ తడి మెట్టు మీద జారి వెల్లకిలా పడ్డాడు. తల రాయికి తగిలిన చప్పుడైంది.

"కొడుకా!"

ఆ కేక అమ్మమ్మది. అరిచిన మరుక్షణం రెండు చేతులతో నోరు మూసుకుంది. పడ్డవాణ్ని చూడలేదు. వీధికి ఆ చివర, ఈ చివర చూసింది. వీధిలో ఎవరూ లేరు. ఆమె కాళ్లు తడబడుతూ లోపలికి పోయి గొళ్లెం పెట్టుకుంది. లోపలి నుంచి పెద్దగా, ఎవరికో వినిపించాలన్నట్టు, "లేడు, నాకు కొడుకు లేడు, వాడు నా కొడుకు గాదు" అని అరవడం మొదలుపెట్టింది.

మామ లేచి కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది. "విన్నవా స్నేహా? అవ్వ నన్ను పిలిచింది" అన్నాడు. అంటూనే చిన్నగా వణికాడు.

వాననీళ్లకే వణికాడని నాకు తెలుసు. అయినా గబగబా మెట్లు దిగి, ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను.