కత్తెర బావగారి మూడో చరణం

యూనివర్సిటీ టేపుల గదిలో మా బావగారికి కత్తెర మాస్టారని పేరు పెట్టింది నేనే. పాటలో దగ్గు వినిపిస్తే కోసేసేవాడు, కుర్చీ కిర్రుమంటే కోసేసేవాడు. "పాట తప్ప మిగతాదంతా చెత్తే" అనేవాడు. ఆ గదిలో టేపులు బాగుచేసే ఉద్యోగం నాది. ఆయన్ని ఆటపట్టించే ధైర్యం మరదలినైన నాకొక్కదానికే ఉండేది.

ఇరవై రెండేళ్లప్పుడు తన దేశం విడిచి మా దేశానికి వస్తూ ఆయన తెచ్చుకున్నది ఒక పెట్టె, ఒక టేపు. బయలుదేరిన రోజు పొద్దున తల్లి పాడిన జోలపాట అందులో ఉంది. మూడేళ్ల తర్వాత ఆ పాట మీదే పరిశోధన చేశాడు. వాళ్ల వైపు జోలపాటలకు రెండే చరణాలని తేల్చి రాసిన పుస్తకంతో ఆయనకు యూనివర్సిటీలో ఉద్యోగం, పేరు, చివరికి మా అక్క కూడా దొరికారు. తల్లిని మాత్రం మళ్లీ చూడలేదు.

డెబ్బై దాటాక చెవులు మొరాయించాయి. సరిగ్గా అప్పుడే వాళ్ల ఊరి నుంచి ఒకావిడ ఉత్తరం రాసింది. అదే జోలపాటను తన అమ్మమ్మ మూడు చరణాలు పాడేదట, మూడోది తనకు గుర్తులేదట. ఆ ఉత్తరం చదివినప్పటి నుంచి ఆయనకు తిండి సహించలేదు.

"పాట అయ్యాక మా అమ్మ ఏదో అంది. మాటలే కదా అని కోసి పారేశాను. ఏమందో ఎంత తన్నుకున్నా గుర్తురావడం లేదు" అన్నాడు.

టేపును ఏళ్ల తరబడి చుట్టి ఉంచితే ఒక పొరలోని శబ్దం పక్క పొరకు లీలగా అంటుకుంటుంది. ఆయన కోసింది మాటలున్న ముక్కనే. కోసేదాకా మూడేళ్లు దాన్ని ఆనుకుని ఉన్న ఖాళీ టేపు ఇంకా మా అల్మారాలోనే ఉంది.

ఆ మధ్యాహ్నం తలుపు వేసి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, శబ్దం పూర్తిగా పెంచాను. పాట అయిపోయింది. తర్వాత ఒట్టి బుసబుస. అందులోంచి, గోడ అవతల ఎవరో మాట్లాడినట్టు ఒక ఆడగొంతు. మనిషీ లేదు, ఆ ముక్కా లేదు, మాట మాత్రం ఉంది.

"వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది బావగారూ. మీ భాష కదా, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

"అర్థంతో నీకేం పని? విన్నది విన్నట్టు నా చెవిలో చెప్పు."

ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, ఆ సాగదీతతో, ఆ ఆయాసంతో సహా పలికాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయన ఆ మాటలకు అర్థం చెప్పాడు.

"'ఇంకో చరణం ఉంది నాన్నా, పాడనా?' అంటోంది. తర్వాత?"

తర్వాత ఒక కుర్రగొంతు, విసుగ్గా. అదీ చెప్పాను. ఆయన చప్పున నా చెయ్యి పట్టుకున్నాడు.

"అది నేనే. 'చాల్లేమ్మా, టైమైంది' అన్నాను."

ఆ పైన బుస తప్ప ఏమీ లేదు. నాకు జాలీ కోపమూ రెండూ వచ్చాయి.

"అమ్మ మాట ఇంకొక్కసారి చెప్పమ్మా" అన్నాడు.

చెప్పాను. ఈసారి ఆయన తన భాషలో, చిన్నపిల్లాడిలా జవాబిచ్చాడు. అర్థం నాకెవరూ చెప్పనక్కర్లేదు. కళ్లు మూసుకుని, కాస్త వినబడే చెవిని నా నోటి దగ్గరకు తెచ్చి, ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

నాకా చరణం రాదు.