సత్తెమ్మ దవడ నొప్పి

1997 జూన్‌లో కాజీపల్లి పారిశ్రామికవాడలోని ఒక మందుల ఫ్యాక్టరీలో మెడికల్ ఆఫీసరుగా చేరాను. అంతకుముందు తొమ్మిదేళ్లు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో పనిచేశాను. ఫ్యాక్టరీ డాక్టరంటే గాయాలకు కట్లు కట్టే మనిషని బయటివాళ్లు అనుకుంటారు. అది పనిలో చిన్న భాగం. రసాయనాల మధ్య పనిచేసే ప్రతి ఉద్యోగినీ ఆరు నెలలకోసారి పరీక్షించి, ఫలితాన్ని హెల్త్ రిజిస్టరులో రాసి సంతకం చేయాలి. నలభై దాటినవాళ్లకు ఏడాదికోసారి ఇ.సి.జి. తీయాలి. మా ఫ్యాక్టరీలో ఈ ఏర్పాటు పర్మినెంటు ఉద్యోగులకే ఉండేది. వాళ్లలో ఆడవాళ్లు లేరు. డ్రమ్ములు కడిగేవాళ్లు, ఫ్లోరు ఊడ్చేవాళ్లు, డబ్బాలకు లేబుళ్లు అంటించేవాళ్లు అందరూ ఆడవాళ్లే, అందరూ కాంట్రాక్టరు మనుషులే. ఏదైనా బాధతో నా గదికి వస్తే వాళ్ల పేరు ఫస్ట్ ఎయిడ్ రిజిస్టరులోకి ఎక్కేది. లేకపోతే ఎక్కడా ఉండేది కాదు.

చేరిన రెండో ఏడు, మేనేజ్‌మెంటును ఒప్పించి ఆ ఆడవాళ్లకు కూడా ఒకరోజు బీపీ, షుగరు చూశాను. నలభై ఐదు దాటి, నెలసరి ఆగినవాళ్లు, ఆగబోతున్నవాళ్లు చాలామందే వచ్చారు. కొందరికి బీపీ ఎక్కువగా ఉంది. నెలసరి ఉన్నన్నాళ్లు ఆడవాళ్ల గుండెకు కొంత రక్షణ ఉంటుందనీ, ఆగాక ముప్పు పెరుగుతుందనీ నేను చదువుకున్నదే. రోజూ అరగంట చేతులూపుతూ వడిగా నడవమని అందరికీ చెప్పాను.

సత్తెమ్మ నవ్వింది. ఆమెకు నలభై తొమ్మిదేళ్లు. చిట్కుల్ అనే ఊళ్లో ఉండేది. కూలి పనులు చేసుకునే కుటుంబం, పొలాలు ప్లాట్లయ్యాక ఫ్యాక్టరీకి మళ్లింది. ఆమె డ్రమ్ముల దగ్గర, చెల్లెలు బాలమణి లేబుళ్ల దగ్గర పనిచేసేవారు.

"పొద్దుందాక నిలవడే ఉంట. డ్రమ్ములు దొర్లిచ్చుకుంట తిరుగుత. ఇగ మల్ల నడుసుడేంది మేడం?" అంది.

బరువులు జరపడం, గంటల తరబడి నిలబడడం ఒళ్లు హూనం చేస్తాయి గాని గుండెకు బలమివ్వవని, ఆగకుండా నడిచే నడక వేరని వివరించాను. నమ్మింది. కాంట్రాక్టరు వ్యాను వాళ్లను ఇస్నాపూర్ చౌరస్తాలో ఎక్కించుకునేది. చిట్కుల్ నుంచి అక్కడిదాకా షేర్ ఆటోలో వచ్చే ఆడవాళ్లను పదిమందిని పోగుచేసి, పొద్దున్నే తన వెంట నడిపించడం మొదలుపెట్టింది. ఆ సంగతి విని నేను సంతోషించాను. నెలవారీ నివేదికలో కూడా రాశాను.

రెండు నెలల తర్వాత సత్తెమ్మ నా గదికి వచ్చింది.

"నడుస్తుంటె దవడ గుంజుతుంది మేడం. జెరసేపు నిలవడితె తక్కువైతది. మల్ల నడిస్తె మల్ల సురువు."

ఒళ్లంతా చెమటలు పడుతున్నాయని, డ్రమ్ము జరిపితే చాలు అలసట వస్తోందని కూడా చెప్పింది. నోరు తెరిపించి చూస్తే ఎడమ దవడ పన్ను ఒకటి పుచ్చి ఉంది. "పంటి నొప్పి. నెలసరి ఆగిన మార్పులు" అని రిజిస్టరులో రాసి, నొప్పి మాత్రలు, కాల్షియం ఇచ్చి, పటాన్‌చెరులో పంటి డాక్టరు దగ్గరికి పంపాను.

మూడు వారాలకు మళ్లీ వచ్చింది. పన్ను తీయించుకుంది.

"పన్ను పోయింది గాని నొప్పి పోలె. నడుసుడు బందు వెట్టాల్నా మేడం?"

పుండు మానడానికి టైం పడుతుందని, నడక మాత్రం ఆపొద్దని చెప్పాను. ఆ రోజు పర్మినెంటు ఉద్యోగుల ఆరు నెలల పరీక్షలు. బయట వరుస ఉంది. ఇ.సి.జి. మిషను పక్క బల్ల మీదే ఉంది. వరుసలోని మగవాళ్లకు తీశాను, ఆమెకు తీయలేదు.

తొమ్మిదో రోజు పొద్దున, ఇస్నాపూర్ ఇంకా కొంచెం దూరం ఉందనగా, సత్తెమ్మ రోడ్డు పక్కన కూలబడింది. వాంతి చేసుకుంది. బాలమణి ఆటో ఆపి ఎక్కించింది. ఆస్పత్రి చేరేసరికే ప్రాణం పోయింది. గుండెపోటని డ్యూటీ డాక్టరు చెప్పారు.

మర్నాడు పర్సనెల్ మేనేజరు ఫస్ట్ ఎయిడ్ రిజిస్టరు తెప్పించుకున్నారు. నేను రాసిన రెండు పద్దులూ చదివి, "అన్నీ సక్రమంగానే ఉన్నాయి డాక్టర్" అన్నారు. అది నిజం. ఎవరూ ఏదీ దిద్దాల్సిన పని లేకపోయింది.

దినాలు అయ్యాక బాలమణి పనిలోకి వచ్చింది. తిన్నగా నా గదికే వచ్చి నిలబడింది.

"దవడ నొప్పి సంగతి అక్క మీకు చెప్పలేదా మేడం?"

"చెప్పింది. రెండుసార్లు చెప్పింది. అది గుండె నుంచి వచ్చే నొప్పి. నాకు తట్టలేదు."

తిడుతుందనుకున్నాను. కానీ ఆమె, "నాకు గుడ ముట్టు ఆగి ఆర్నెల్లాయె. నేను నడవాల్నా, వద్దా? గది చెప్పుండ్రి" అంది.

వాళ్ల అక్కను అడగాల్సినవన్నీ ఆమెను అడిగాను. ఇ.సి.జి. తీశాను. జబ్బున్నా పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి. బాగానే రావచ్చు. అందుకని, నడిపిస్తూ తీసే ట్రెడ్‌మిల్ పరీక్షకు నగరానికి పంపాను. ఏ దోషమూ లేదని వచ్చింది. నిశ్చింతగా నడవమన్నాను. ఆమె నడవలేదు. మిగతావాళ్లూ మానేశారు. నడిస్తే సత్తెమ్మ లెక్కయితదని చిట్కుల్‌లో మాట పుట్టింది. రెండు ఆదివారాలు వెళ్లి నచ్చజెప్పాను. చాయ్ ఇచ్చారు, తలూపారు, సోమవారం ఆటో ఎక్కారు. వాళ్లలో బీపీ ఉన్న ఒకామెకు కొన్నేళ్లకు పక్షవాతం వచ్చింది. నడిచుంటే తప్పేదని కచ్చితంగా చెప్పలేను. తప్పేది కాదనీ చెప్పలేను.

కాంట్రాక్టు ఆడవాళ్లను హెల్త్ రిజిస్టరులో చేర్చాలని హెడ్డాఫీసుకు మూడుసార్లు రాశాను. మూడోసారి, నలభై ఐదు దాటినవాళ్లకు ఇ.సి.జి.కి మాత్రం ఒప్పుకున్నారు. రిజిస్టరు సంగతి నేను రిటైరయ్యేదాకా తేలలేదు.

నడక తప్పు కాదు. నెలసరి ఆగిన ఆడవాళ్లకు ఇప్పటికీ నడవమనే చెబుతాను. కానీ ముందుగా ఒకటి అడుగుతాను: నడుస్తుంటే దవడ, మెడ, చెయ్యి, ఛాతీ, వీపు, పొట్ట పైభాగం, వీటిలో ఎక్కడైనా పట్టేసినట్టు ఉండి, ఆగితే తగ్గుతోందా? అవునంటే నడక ఆపించి ఆ రోజే ఆస్పత్రికి పంపుతాను. వయసు మార్పు అన్న మాట ఆ తర్వాతే వాడతాను. అడగడానికి ఒక నిమిషం పడుతుంది. సత్తెమ్మ విషయంలో ఆ నిమిషం కూడా అక్కర్లేకపోయింది. నేను అడగకముందే ఆమె జవాబు చెప్పింది.