బొట్టు పెట్టిన డ్రిల్లింగ్ మెషీన్

కంపెనీయే మొత్తం విప్పి, శుభ్రం చేసి, కొత్త భాగాలు వేసి పంపిందని చెప్పి, వరంగల్‌లో ఒక దుకాణదారు నాకు పాత డ్రిల్లింగ్ మెషీన్ అంటగట్టాడు. మా వడ్రంగుల ఇళ్లలో ఏ పనిముట్టు వచ్చినా బొట్టు పెట్టందే పనిలో పెట్టం. నా భార్య దాని పిడికి పసుపు రాసి కుంకుమ పెట్టింది. తలుపుకు మొదటి రంధ్రం వేస్తుండగానే అది పొగలు కక్కి ఆగిపోయింది.

వెంటనే దుకాణానికి పట్టుకుపోతే అతను ముట్టుకోను కూడా ముట్టుకోలేదు.

“బొట్టు వెట్టినంక వాపస్ తీసుకోం, అన్నా. పూజ అయిందంటే వాడినట్టే.”

“వాడిన మెషీనే గద నువ్వు అమ్మింది!” అని అరిచాను.

“గది వేరే. కంపెనోళ్లు లోపలంత సాఫ్ జేసిండ్రు,” అంటూ నవ్వాడు.

ఆ నవ్వుకు నా ఒళ్లు మండిపోయింది. అతని స్క్రూడ్రైవర్ లాక్కుని, అతని కౌంటర్ మీదే మెషీన్ విప్పాను. మోటారు చుట్టూ పేరుకున్న మసిలో పసుపు కలిపిన బియ్యపు గింజలు ఇరుక్కుని ఉన్నాయి. ఎవరో పూజలో చల్లిన అక్షింతలు. మేం పెట్టింది బొట్టు ఒక్కటే.

ఆ గింజలు ఏరి అతని అరచేతిలో పోశాను.

“సాఫ్ జేసినోళ్లకు ఇవి కనవడలేదా? బొట్టు వెట్టింది వాపస్ తీసుకోనోనివి, అక్షింతలు ఏసింది ఎట్ల అమ్మినవ్?”